విస్మరణ మాసోత్సవం

మా బడి చేసిన తప్పు ఒక్కటే. పిల్లలకు చదువు ముందే వచ్చేసింది.

గొప్ప చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. కిందటి ఏప్రిల్‌లో నాకు వచ్చిన మెమోలో ఇంచుమించు ఇలాగే ఉంది. “మీ పాఠశాల విద్యార్థులకు విద్యా సంవత్సర ప్రారంభముననే చదువుట, లెక్కించుట, డిజిటల్ పరికరములు వాడుట తెలిసియున్నందున, సంవత్సరాంతమున ఆశించిన పెరుగుదల నమోదు కాలేదు. ఇట్టి తీవ్ర నిర్లక్ష్యమునకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను” అని. చదువు చెప్పనందుకు ఎవరికైనా మెమో రావడం నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో చూడలేదు. చెప్పినందుకు వచ్చిన మొదటి మెమో మాత్రం నాదేనని మండలమంతా ఒప్పుకుంది.

నా పేరు భూపతి. రేగులగూడెం ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టర్ని నేనే, టీచర్ని నేనే, గంట కొట్టేదీ నేనే. ఊళ్లో నలభై ఇళ్లు, అన్నీ గొర్ల కాపరులవి. బడికి ఒక గది, ఒక వరండా. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా కలిపి పదిహేడు మంది పిల్లలు. మధ్యాహ్నం అన్నం వండేది బాలవ్వ. ఆమె మనుమరాలు లహరి నాలుగో తరగతి.

ఈ ఊరి పిల్లలకు లెక్కలు నేను నేర్పానని చెప్పుకుంటే కళ్లు పోతాయి. సాయంత్రం మంద దొడ్డిలోకి వచ్చేటప్పుడు తడిక దగ్గర నిలబడి జతలు లెక్కపెట్టే పని ఇక్కడ పిల్లలదే. ఒక గొర్రె తగ్గితే సంఖ్య చెప్పడమే కాదు, తగ్గింది ఏ గొర్రెనో కూడా చెప్తారు. వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న లెక్కకు నేను అంకెలు చూపించాను, అంతే. చదువు కూడా అలాగే. టీకాల చీటీ, దాణా సంచి మీద రాత, గోడ మీద ఎన్నికల రాత, ఏది కనిపిస్తే అది కూడబలుక్కుని చదివేవాళ్లు. ప్రభుత్వం వారు ఒక టాబ్ ఇచ్చారు. దాన్ని నేను అట్టపెట్టెలోంచి తీసి, ఎటు పట్టుకోవాలా అని చూస్తుండగానే లహరి ఆన్ చేసి, తెలుగులోకి మార్చి, నా చేతికిచ్చింది.

ఈ బడి వచ్చి పదకొండేళ్లు. అంతకుముందు చదువుకోవాలంటే వాగు దాటి, క్వారీ లారీలు తిరిగే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిచి కొండ్రపల్లి పోవాలి. మగపిల్లలు కొన్నాళ్లు పోయి మానేసేవాళ్లు. ఆడపిల్లలు ఒక్కరూ పోలేదు. లహరిని బడిలో వేసిన రోజు బాలవ్వ నాతో అన్నది, “మా బిడ్డ వాగు దాటలే సారూ, ఏలిముద్రతోనే ఉండిపోయింది. మనుమరాలన్న వాగు దాటకుంటనే నాలుగచ్చరాలు నేర్సుకోవాలె.” అందువల్ల ఈ బడి ఉంటే లహరి చదువుకుంటుంది, పోతే గొర్ల వెంట పోతుంది. మధ్యే మార్గం లేదు.

ఇక ‘త్రిసోపానం’ సంగతి. చదువు, లెక్క, డిజిటల్ అనే మూడు మెట్లు పిల్లల చేత ఎక్కించే పథకమది. ఏడాది మొదట్లో ఒక పరీక్ష, దాన్ని బేస్‌లైన్ అంటారు. చివర్లో ఒక పరీక్ష, అది ఎండ్‌లైన్. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేది పెరుగుదల. ఎవరి పిల్లలకు ఎంత వచ్చు అన్నది ప్రశ్న కాదు, ఎంత పెరిగింది అన్నదే ప్రశ్న. మా పిల్లలకు మొదట్లో తొంభై నాలుగు, చివర్లో తొంభై అయిదు. పెరుగుదల ఒకటి. కొండ్రపల్లి బడికి మొదట్లో ఆరు, చివర్లో నలభై ఒకటి. పెరుగుదల ముప్పై అయిదు. వాళ్ల హెడ్మాస్టర్‌కు జిల్లా కేంద్రంలో శాలువా కప్పారు. నాకు మెమో ఇచ్చారు. నలభై ఒకటి పెద్దదా, తొంభై అయిదు పెద్దదా అని మా రెండో తరగతి పిల్లను అడిగినా చెప్తుంది. కానీ యాప్‌లో ఆ గడి లేదు.

మెమో పట్టుకుని మండల విద్యాధికారి విఠల్‌రావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివాడే. ఎవరికీ హాని చెయ్యాలనుకోడు, కాగితం చెప్తే తప్ప.

“సార్, పిల్లలకు చదువొస్తది. మనకు కావాల్సింది అదే గద?” అన్నాను.

“రావడం వేరు, పెరగడం వేరు భూపతి గారూ. ప్రభుత్వం పెరుగుదలను కొలుస్తోంది. వచ్చినదాన్ని కొలిచే ప్రొవిజన్ ప్రస్తుతానికి లేదు.”

“తొంభై నాలుగు మీదకెల్లి ఎంత పెరుగుతరు సార్? వందకు మించి మార్కులే లేకపాయె.”

“అదే నేను చెప్పేది. పెరగడానికి ఉన్న జాగాను మీరు ముందే ఆక్రమించేశారు. పెరుగుదల పది దాటని బడులను పక్క ఊరి బడిలో విలీనం చేయాలని పైన ఫైలు నడుస్తోంది. మీ బడి పేరు అందులో మూడోది.”

మెమోను మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయనే కాస్త జాలిపడి గొంతు తగ్గించాడు. “ఈ ఏడు బేస్‌లైన్ సున్నా దగ్గర చూపించండి. ఎండ్‌లైన్‌కు మీ పిల్లలు ఎలాగూ తొంభై దాటుతారు. జిల్లాలోనే ఫస్టు. ఆ ఫైలు నేను ఆపిస్తాను.”

“వచ్చిన చదువును సున్నా ఎట్ల చేయాలె సార్?”

“అది మీ బోధనా నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది” అని మరో కాగితం ముందుకు లాక్కున్నాడు.

సంజాయిషీ రాసిచ్చాను. పిల్లలకు చదువు రావడంలో నా దురుద్దేశం ఏమీ లేదనీ, ఇకముందు ఇటువంటివి పునరావృతం కాకుండా చూసుకుంటాననీ. సంతృప్తికరంగా ఉందని దాని మీద ఎర్ర సిరాతో రాసి పంపారు.

బోధనా నైపుణ్యం నా ఒక్కడికే వదిలేస్తారేమోనని భయపడ్డాను గానీ, అంత అన్యాయం జరగలేదు. జిల్లాలో నాలాగా ముందే చదువు వచ్చిన బడులు ముప్పై ఎనిమిది తేలాయి. ఆగస్టులో మమ్మల్నందరినీ పిలిచి ఒక రోజు శిక్షణ ఇచ్చారు. శిక్షణ ఇచ్చినవాడు శ్రేయస్ అనే కన్సల్టెంటు. పట్నం కుర్రాడు, మర్యాదస్థుడు, మాట మాటకూ తెర మీద ఒక బొమ్మ చూపిస్తాడు.

“టీచర్స్, మీ స్కూళ్లలో సమస్య ఏమిటంటే, పిల్లలు నేర్చుకున్నది నిలుపుకుంటున్నారు. అభ్యసన వృద్ధి కోణంలో ఇది ఒక రిస్క్. గ్లాసు నిండా ఉంటే మనం పోసేది ఎక్కడికి పోతుంది? అందుకే ముందు గ్లాసు ఖాళీ చేద్దాం.” తెర మీద ఖాళీ గ్లాసు బొమ్మ వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం, కొట్టమన్నారు కాబట్టి.

ఆ కార్యక్రమం పేరు ‘విస్మరణ మాసోత్సవం’. ఆగస్టు ఇరవై నుంచి సెప్టెంబరు ఇరవై దాకా. ఇరవయ్యో తారీఖున బేస్‌లైన్. అరవై నాలుగు పేజీల పుస్తకం ఇచ్చారు. మొదటి వారం ఎక్కాలు, గుణింతాలు మరవాలి. రెండో వారం ఒత్తులు, తీసివేతలు. మూడో వారం అక్షరాలు, అంకెలు. నాలుగో వారం నాటికి విద్యార్థి పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకోగలగాలి, టాబ్ ఎటువైపు నుంచి ఆన్ అవుతుందో తెలియక స్వేచ్ఛగా తడుముకోగలగాలి. గోడకు తగిలించడానికి ఒక్కో బడికి పదిహేడు చార్టులు కూడా ఇచ్చారు. వాటి మీద ఏమీ అచ్చు వెయ్యలేదు. అవి విస్మరణ చార్టులు.

నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ లేచి అడిగింది. “పిల్లలు మరిచిపోయిన్రో లేదో మాకెట్ల తెలుస్తది సార్?”

“ఎక్సలెంట్ క్వశ్చన్ మేడమ్. నిరంతర సమగ్ర విస్మరణ మూల్యాంకనం. రోజూ పరీక్ష పెట్టండి, మార్కులు యాప్‌లో ఎక్కించండి.”

రోజూ పెట్టాను. ఏడో ఎక్కం మరిచిపోయారా అని అడగాలంటే ఏడో ఎక్కం చదివించాలి. ఒత్తులు మరిచిపోయారా అని చూడాలంటే ఒత్తులున్న మాటలు బోర్డు మీద రాయాలి. తప్పు చెప్పినవాళ్లు గడుసుగా పక్కవాళ్లను అడిగి దిద్దుకునేవాళ్లు. పది రోజులు గడిచేసరికి మా పిల్లలకు అంతకుముందు రాని భాగహారం కూడా వచ్చేసింది. ఇరవై ఆరేళ్లలో నేను అంత శ్రద్ధగా చదువు చెప్పిన నెల ఇంకొకటి లేదు.

యాప్‌లో మా బడి ఎర్రగా మారింది. ‘విస్మరణలో వెనుకబాటు’ అని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను మోగేది.

ఇక మరిపించడం నా వల్ల కాదని తేలిపోయింది. పిల్లలను వరండాలో కూర్చోబెట్టి నిజం చెప్పాను. మీకు చదువు రాదని తేలితేనే మన బడి ఉంటుంది, అందుకని కొన్నాళ్లు రానట్టు ఉండండి అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లహరి లేచి నిలబడింది.

“అబద్ధం చెప్పుడు గద సార్?”

“అబద్ధం కాదు బిడ్డా. ప్రోగ్రాం.”

ఆ తేడా ఆమెకు అర్థం కాలేదు, నాకు మాత్రం అయిందా. అయినా మిగతా పదహారు మంది రెండు రోజుల్లో పని నేర్చుకున్నారు. బోర్డు మీద ఏది రాసినా కళ్లు తేలేసేవాళ్లు. మూడో తరగతి నవదీప్ ఐదు వేళ్లు లెక్కపెట్టమంటే నాలుగు దగ్గర ఆగి, ఆ తర్వాత ఏమొస్తుందోనని ఆకాశం వంక చూసేవాడు. చూడముచ్చటగా ఉండేది. లహరికే చేతకాలేదు. కార్డు చూపించి “ఇది ఏందో తెలుసా?” అంటే “తెల్వదు సార్” అని నోటితో అనేది, పెదాలు మాత్రం ఆ మాటనే కదిపేవి. కార్డు తలకిందులుగా ఇస్తే చెయ్యి దానంతటదే తిప్పేది.

“చదవకు బిడ్డా, ఊకె చూడు” అన్నాను.

“నేను చదువుతలేను సార్. చూడంగనె అదే చదువుకుంటది” అంది, కళ్లలో నీళ్లు పెట్టుకుని.

ఆ రోజు ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టి ఉంటే బాగుండేది. పెట్టలేదు. పేజీ తిప్పి నాలుగో వారం ఏం చెయ్యాలో చూశాను.

సెప్టెంబరు మొదట్లో విఠల్‌రావు గారు ముందస్తు తనిఖీకి వచ్చాడు. వెంట శ్రేయస్ కూడా ఉన్నాడు. పిల్లలు పుస్తకాలు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారు. ఒక పిల్లవాడు అంచు నములుతున్నాడు, అది నేను చెప్పలేదు, వాడి సొంత తెలివి.

“అద్భుతం” అన్నాడు శ్రేయస్. “ఇంత తక్కువ టైంలో ఇంత క్లీన్ స్లేట్ నేను ఎక్కడా చూడలేదు.”

తర్వాత డిజిటల్ మెట్టు. విఠల్‌రావు గారు టాబ్ చేతిలోకి తీసుకుని, ఆన్ చేసి పిల్లలకు ఇద్దామని పక్కన నొక్కాడు. కింద నొక్కాడు. వెనక్కి తిప్పి చూశాడు. కళ్లజోడు మార్చి మళ్లీ చూశాడు. శ్రేయస్‌కు ఇద్దామంటే అతను వరండాలో ఖాళీ చార్టుల ఫొటోలు తీసుకుంటున్నాడు. సరిగ్గా ఎదురుగా కూర్చున్న లహరి ఆ టాబ్ వైపు చూస్తూ, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. మొహం ఎర్రబడిపోయింది.

ఐదు నిమిషాల తర్వాత విఠల్‌రావు గారు టాబ్ బల్ల మీద పెట్టి, “నాకే రావడం లేదంటే పిల్లలకేం వస్తుంది. డిజిటల్, శూన్యం” అని రాసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ నాకొక రహస్యం చెప్పాడు. ఇరవయ్యో తారీఖు లోపల అజ్ఞాత పరిశీలకులు ఊళ్ల మీద తిరుగుతారట. గొర్రెల బేరగాళ్లలాగానో, చుట్టాల్లాగానో వచ్చి, బడి బయట పిల్లలతో మాటలు కలిపి, చదువు దాచుకున్నారేమో కనిపెడతారట. “ఒక్క పిల్ల ఒక్క అక్షరం చదివి దొరికినా బేస్‌లైన్ రద్దు. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు. తల్లిదండ్రులకు కూడా తెలియనివ్వకండి. పుస్తకంలో నలభై ఒకటో పేజీ చూడండి, దాన్నే లీకేజీ అన్నారు.”

మర్నాడు పిల్లలందరి చేతా మాట తీసుకున్నాను. సెప్టెంబరు ఇరవై దాకా ఎవరడిగినా సరే, చదవడం రాదు, అంకెలు రావు, టాబ్ నొక్కడం రాదు. ఇంట్లో అమ్మ అడిగినా, నాన్న అడిగినా అదే మాట. బడి ఉండాలంటే ఇది తప్పదు. అందరూ చెయ్యి ముందుకు చాపి ఒట్టేశారు. లహరి అందరికంటే చివర వేసింది. వేశాక మాత్రం ఇంక పెదాలు కదల్లేదు.

మా పిల్లలు మాట ఇస్తే తప్పరు. ఆ సాయంత్రం నుంచే తడికల దగ్గర జతలు లెక్కపెట్టడం ఆగిపోయింది. పనికి పోయి వచ్చిన పెద్దవాళ్లే నిలబడి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లకు అలవాటు తప్పి, మంద ఒకసారి యాభై మూడు, ఒకసారి అరవై వచ్చేది. నాలుగు రోజులు చూసి బాలవ్వ నా దగ్గరికి వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

“సారూ, మా లహరి మొన్నటిదాంక మందనంత ఏళ్ల మీద చెప్పేది. ఇప్పుడు మూడు తర్వాత ఏందే అంటె తెల్వదంటది. మందుల చీటి సదువుమంటె రాదంటది. పోరికేమన్న గాలి సోకిందా?”

“ఏం కాలేదు బాలవ్వా. కొన్ని రోజులు ఓపిక పట్టు.”

“ఊరంత గట్లనే ఉన్నరు గద సారూ. ఒక్క పిల్లకు కాదు.”

“ఓపిక పట్టు” అని ఇంకోసారి అన్నాను. ఆమె గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరికి పోయింది. చెప్పి ఉండాల్సింది. నలభై ఒకటో పేజీకి భయపడ్డాను. బాలవ్వ కడుపులో మాట దాగదనీ, ఊరంతా తెలిసి, ఎవరో ఒకరు గొర్రెల బేరగాడి దగ్గర నోరు జారుతారనీ భయపడ్డాను. పదకొండేళ్లుగా నా బడికి అన్నం వండుతున్న మనిషికంటే మొహం కూడా చూడని గొర్రెల బేరగాడికి ఎక్కువ విలువ ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంతలో నాకు గౌరవం జరిగింది. మా బడిని జిల్లాలో ఆదర్శ విస్మరణ పాఠశాలగా ఎంపిక చేసి, మిగతా ముప్పై ఏడు బడుల టీచర్లకు నా అనుభవాలు చెప్పమని జిల్లా కేంద్రానికి పిలిచారు. సెప్టెంబరు తొమ్మిది నుంచి పద్దెనిమిది దాకా పది రోజుల రెసిడెన్షియల్ శిక్షణ. పేరు ‘శూన్యస్థాయి నిర్వహణ’. ఒకే టీచరున్న బడి పది రోజులు ఎలా నడుస్తుందని అడిగాను. దానికి ఉత్తర్వు ముందే సిద్ధంగా ఉంది. “ఉపాధ్యాయుడు శిక్షణలో ఉన్న కాలమున టాబ్‌ను ఉపాధ్యాయునిగా పరిగణించవలెను.” ఆ లెక్కన టాబ్‌కు బడి అప్పగించి, బీరువా తాళం బాలవ్వకు ఇచ్చి, బస్సెక్కాను.

శిక్షణ బాగా జరిగింది. ఏమీ రానట్టు ఉండటంలోని మెలకువల గురించి రోజుకు రెండు గంటలు మాట్లాడాను. నవదీప్ ఆకాశం వంక చూడటం గురించి చెప్తే అందరూ రాసుకున్నారు. చివరి రోజు నాకూ ఒక శాలువా కప్పారు.

పంతొమ్మిదో తారీఖు పొద్దున ఊళ్లో దిగాను. బడి తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఎండకు కొంచెం రంగు మారింది గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి.

“రేగులగూడెం ప్రాథమిక పాఠశాల గత సంవత్సరమున తగిన పెరుగుదల చూపనందున, దానిని కొండ్రపల్లి ప్రాథమికోన్నత పాఠశాలలో విలీనము చేయుటకు ప్రతిపాదించడమైనది. ఇట్టి విలీనముపై గ్రామస్థులకు అభ్యంతరములున్న యెడల సెప్టెంబరు 18 సాయంత్రం 5 గంటలలోగా తెల్ల కాగితముపై వ్రాసి మండల కార్యాలయమునకు పంపవలెను, లేదా పాఠశాల టాబ్‌నందు ‘అభ్యంతరం’ అను బటన్ నొక్కవలెను. ఒక్క అభ్యంతరము అందినను ప్రతిపాదన నిలిపివేయబడును.”

కింద తేదీ సెప్టెంబరు పది.

కాగితం ముందు నిలబడే విఠల్‌రావు గారికి ఫోను చేశాను. ఫైలు ఆపిస్తానన్నారు గదా అని అడిగాను.

“ఆ ఫైలు పోయిన ఏటిది భూపతి గారూ. మన బేస్‌లైన్ ఈ ఏటిది. రెండూ వేరు వేరు సెక్షన్లు. పైగా గ్రామస్థుల నుంచి ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. ఏకగ్రీవ ఆమోదం అని రాసి నిన్న సాయంత్రమే పైకి పంపేశాం.” ఫోను పెట్టేసే ముందు, “రేపటి బేస్‌లైన్ మాత్రం యథాతథంగా జరగాలి. సున్నా రావాలి సుమా” అన్నాడు.

బాలవ్వ వరండాలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

“బాలవ్వా, ఈ కాయితం ఎవలు అంటించిన్రు?”

“ఆఫీసు నుంచి ఎవరో బండి మీద వచ్చిండు సారూ. అంటించి ఫోటో కొట్టుకొని పోయిండు. ఏముంది బిడ్డా దాంట్ల అంటె, మీ పిల్లలు సదువుకుంటున్నరు గద, సదివిపిచ్చుకోండ్రి అన్నడు.”

“మరి సదివిపిచ్చుకోలేదా?”

“పిల్లలనందర్ని పేరు పేరున నిలబెట్టి అడిగినం. పదిహేడు మందిల ఒక్కలకు రాలే. ఊళ్లె అచ్చరం ముక్క వచ్చినోళ్లు, ఈ బడిల సదివి పోయిన పెద్ద పిల్లలు గూడ, అందరు గొర్లను తోలుకొని కర్నూలు దిక్కు పోయిన్రు. మూడొద్దులకు కరెంటాయన వస్తె ఆయనతోని సదివిపిచ్చినం. బడి తీసేస్తమంటున్నరు, వద్దంటె రాసియ్యుండ్రి, నేను రాసిస్త అన్నడు.”

“రాసిచ్చిన్రా?”

బాలవ్వ చేట కింద పెట్టింది.

“ఊరంత కూసొని మాట్లాడుకున్నం సారూ. నాలుగేండ్ల సంది పోరిని బడికి తోలితె ఒక్క అచ్చరం సదవరాకపాయె. లెక్క వచ్చేది, అది గూడ పాయె. గీ బడి ఉంటెంత, పోతెంత అన్నరు అందరు. నేను గూడ అన్న.” ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “మీరు మంచోళ్లే సారూ. మా పిల్లల తలకాయలల్లనే ఏం లేదు కావచ్చు. వచ్చే సోమారం నుంచి లహరిని మంద ఎంట పంపుతున్న.”

నిజం ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. చెప్పాను మొత్తానికి. త్రిసోపానం, విస్మరణ, ఒట్టు, నలభై ఒకటో పేజీ, అన్నీ చెప్పాను. బాలవ్వ వింటున్నంతసేపూ నా భుజాల మీది శాలువా వంక చూస్తూ కూర్చుంది. నేను దాన్ని తీసేశాను. ఆమె నమ్మిందో లేదో తెలియలేదు. “గట్లనా” అని మాత్రం అంది.

లహరి గది మూల కూర్చుని ఉంది. ముందర టాబ్, మీద ఒక గుడ్డ కప్పి ఉంది. దగ్గరికి పిలిచాను.

“బిడ్డా, తలుపు మీద కాయితం చూసినవా?”

“చూసిన సార్.”

“నీకు చదవరాలేదా?”

ఆమె తలుపు వైపు చూసింది, వాళ్ల అమ్మమ్మ వైపు చూసింది, తర్వాత నాకు మాత్రమే వినపడేంత మెల్లగా చెప్పింది. “అంటించిన రోజే చదివిన సార్. నాకొక్కదానికే కాదు, అందరికి వచ్చింది.”

“పద్దెనిమిది లోపల రాయాలె అని ఉన్నది గద.”

“ఉన్నది సార్. ఇరవైకంటె రెండు రోజులు ముందుగాల్నే అయిపోతదని లెక్క గూడ చేసిన. కానీ లెక్క రాదనాలె అన్నరు గద.” టాబ్ మీది గుడ్డ సర్దింది. “దీంట్ల బటన్ గూడ వచ్చింది సార్. ఎర్రగ ఉండె. నిన్న అయిదు గంటల దాంక చేతుల మీద కూసున్న.”

నేను కోప్పడతాననుకుందేమో, లహరి నా చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది.

“ఎవలకు చెప్పలే సార్. ఇంకొక్క రోజే గద, బడి ఉంటది. రేపు పరీక్ష కాంగనె ఆ కాయితం మా అమ్మమ్మకు నేనే చదివి చెప్త.”